ఊగే గీతకు నేను రాసిన కారణం

ల్యాబ్ టెక్నీషియన్లుగా కొత్తగా చేరేవాళ్ళకు పనికొచ్చేలా నా అనుభవాలు కొన్ని రాసిమ్మని మా పాత కాలేజీవాళ్ళు అడిగారు. పాతికేళ్ళ పని. బాగుచేసిన వస్తువులు వందల్లో ఉంటాయి. వాటి గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ఎక్కడ మొదలుపెట్టినా ఒకే ఒక్క ఆసిల్లోస్కోపు దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను. అందుకని దాని గురించే రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

పని అంటే ఏమిటి

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద, పత్తి చేల మధ్య కట్టిన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మాది. తొంభైల చివర్లో నేను అక్కడ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఉండేవాణ్ణి. మీటర్లు, పవర్ సప్లైలు, స్కోపులు చెడిపోతే బాగుచేయడం నా వంతు.

పుస్తకాల్లో రాయని సంగతి ఒకటి చెబుతాను. మా ప్రాంతంలో ఏ సాధనం మూత విప్పినా ముందు వచ్చేది తుమ్ము. రోడ్డు మీద మిరప టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వేసుకున్న లారీలు పోతూనే ఉంటాయి, ఆ ఘాటు దుమ్ములో కలిసి లోపలికి చేరుతుంది. పత్తి తీతల రోజుల్లో ఫ్యాన్ రెక్కలకు దూది చుట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చగా ఉంటుందని బల్లులు దూరి చస్తాయి. సగం జబ్బులు మెత్తటి బ్రష్షుతోనే పోతాయి. అదే నన్ను చెడగొట్టింది. చూడగానే జబ్బేమిటో చెప్పగలననుకునేవాణ్ణి.

ఒకసారి ఒక డిజిటల్ మీటరు అంకెల్లో నడిమి అడ్డగీత వెలగడం మానేసింది. ఎనిమిది వస్తే సున్నాలా కనిపించేది. ఒక బ్యాచి పిల్లలు మొత్తం తప్పు రీడింగులు రాసుకున్నారు. అది పట్టుకున్నాక నేను ప్రతి బ్యాచికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి: 'మీటరు చెప్పింది నమ్మేముందు మీటరును పరీక్షించండి' అని. ఈ మాట నాకు నేను చెప్పుకోవాల్సిన రోజు వస్తుందని అప్పుడు తోచలేదు.

ఆరు పాత స్కోపులు

హైదరాబాదులో మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి మా యాజమాన్యం ఆరు పాత ఆసిల్లోస్కోపులు తెప్పించింది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. చిన్న సూట్‌కేసంత ఇనప పెట్టె, ముందువైపు గుండ్రటి గాజు తెర. లోపల టీవీలో ఉండేలాంటి పొడుగాటి ట్యూబు. తీగలో కరెంటు ఎలా ఎగుడుదిగుడులు పడుతోందో తెర మీద ఆకుపచ్చ గీతగా కనిపిస్తుంది. ఏ కరెంటూ ఇవ్వకపోతే గీత తిన్నగా, దారం లాగి కట్టినట్టు ఉండాలి.

లారీలో వస్తూ వస్తూ ఆరింటిలో ఒకటి దెబ్బతింది. పెట్టె సొట్టపోయింది. లోపల ట్యూబు చుట్టూ ఒక లోహపు తొడుగు ఉంటుంది, అదీ సొట్టపోయింది. ట్యూబు మాత్రం అదృష్టం కొద్దీ పగల్లేదు. పెట్టెనూ తొడుగునూ విప్పి సంచిలో వేసుకుని చిలకలూరిపేట వెళ్ళాను. అక్కడ పురుగుమందు స్ప్రేయర్ల ట్యాంకులు బాగుచేసే బాజీ ఉండేవాడు. సొట్టలు తీయడంలో అతన్ని మించినవాడు లేడు.

"ఏంది మాష్టారూ, డబ్బా తెచ్చినారా, రోడ్డు రోలరు కిందేసి తెచ్చినారా?" అన్నాడు చూసి.

"తియ్యగలవా లేదా?"

"తీత్తా. పురుగుమందు పోసుకోటానికేనా?"

"కాలేజీ పిల్లలు చదువుకోటానికి."

"అయితే నున్నగా తీత్తాలే. మా పిల్లోడు కూడా చదూకుంటన్నాడు."

తొడుగుకు కాస్త సెగ చూపించి, చెక్కదిమ్మ మీద పెట్టి, అరగంట సుత్తితో కొట్టాడు. నిజంగానే సొట్ట జాడ లేకుండా తీశాడు. నేను పక్కనే నిలబడి ఆనందించాను. కాలేజీకి వచ్చి నా గదిలో స్కోపు బిగించి చూస్తే గీత చక్కగా వచ్చింది. మా విభాగాధిపతి అనసూయ మేడం కూడా మెచ్చుకున్నారు.

నా గదిలో బాగుంటుంది

కొన్ని వారాల తర్వాత ఆ స్కోపును ల్యాబ్‌లో పిల్లల బల్ల మీదికి చేర్చాక గీత ఊగడం మొదలైంది. తిన్నగా ఉండాల్సింది పాములా వంకర తిరిగి, మెల్లగా పైకీ కిందికీ కదిలేది. నిద్రపోతున్నవాడి పొట్టలా.

ల్యాబ్ నుంచి నా గదికి తెప్పించుకున్నాను. స్విచ్ వేస్తే గీత దారంలా ఉంది. గంటసేపు చూశాను, కదల్లేదు. తిరిగి పంపించాను. మర్నాడు మళ్ళీ ఊగుతోందన్నారు. మళ్ళీ తెప్పించాను, మళ్ళీ బాగుంది. ముసలి కెపాసిటర్లన్నీ మార్చాను. టంకాలు కొత్తగా వేశాను. చివరికి ట్యూబు కూడా ఇంకో స్కోపులోది తెచ్చి పెట్టి చూశాను. నా గదిలో ఎప్పుడూ బాగుంటుంది. ల్యాబ్‌లోకి వెళితే ఊగుతుంది. అక్కడ కూడా ఎప్పుడూ కాదు. ఒక్కోపూట ఊగదు.

ల్యాబ్‌లో ఆ చోటే మంచిది కాదేమోనని అదే బల్ల మీద మరో స్కోపు పెట్టి చూశాను. అది నిక్షేపంగా పనిచేసింది. దాంతో నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. అన్నం తింటున్నా ఆ గీతే కళ్ళ ముందు ఊగేది.

స్కోపును నా గదికీ ల్యాబ్‌కీ మధ్య మోసేది సుభాని. నలభై ఏళ్ళ మనిషి, మా అటెండరు. ఆరేళ్ళుగా రోజుకూలీ మీద పనిచేస్తున్నాడు. ఆ జూన్‌లో ముగ్గురు అటెండర్లను పర్మినెంటు చేయాలని యాజమాన్యం అనుకుంటోంది, ఆ జాబితాలో అతని పేరుంది. వాళ్ళావిడ గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. "పర్మినెంటయితే మా ఇంటామెని ఆ పని మానిపిత్తా సార్. చేతులు మంటలు మంటలని నీళ్ళ బక్కెట్లో పెట్టుక్కూచుంటది. బిడ్డకి అన్నం కూడా తినిపించలేదు ఆ చేతుల్తో," అని నాతో ఒకటికి పదిసార్లు చెప్పాడు.

నేను ఇలా లెక్క వేశాను. నా గదిలో స్కోపు బాగుంది కాబట్టి స్కోపులో తప్పు లేదు. ఇంకో స్కోపు అక్కడ బాగుంది కాబట్టి చోటులో తప్పు లేదు. మిగిలింది మధ్యలో మోసే మనిషి. ఎక్కడో గుమ్మానికి తగిలిస్తున్నాడు, లోపల ఏదో వదులవుతోంది.

అడిగాను. సుభాని నొచ్చుకున్నాడు.

"నేనెందుకు తగిలిత్తాను సార్? చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొత్తన్నాను."

"మరి ఇక్కడ బాగుండి అక్కడ ఎందుకు ఊగుద్దయ్యా?"

"అదే నాకూ అర్థంగావట్లా. నిన్న పొద్దున తెచ్చి పెట్టినాను, తిన్నగా ఉంది. మద్దేనానికి ఊగింది. పొద్దున్నించీ నేను దాన్ని ముట్టుకోలా సార్."

ఈ చివరి మాట ఒక్కటి విని ఉంటే చాలు. ముట్టుకోకుండా పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడిందంటే మోయడంతో దానికి సంబంధం లేదని చదువుకున్నవాడెవడికైనా తెలియాలి. నేను వినలేదు. తప్పించుకోవడానికి చెబుతున్నాడనుకున్నాను. అలా ఎందుకనుకున్నానో ఇప్పటికీ నాకే సరిగా తెలియదు. కారణం దొరకని మనిషికి ఏదో ఒక కారణం కావాలి, అంతే అయ్యుండవచ్చు.

ఒక్క వాక్యం

అనసూయ మేడం చెడ్డ మనిషి కాదు. పిల్లల కోసం పొద్దుపోయేదాకా ఉండేవారు. ఆవిడ బలహీనత ఒకటే, 'తెలియదు' అన్న జవాబు వినలేరు. ప్రాక్టికల్ పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ముందే ఆ స్కోపు ఊగింది. ఒక అమ్మాయి భయపడి ఏడ్చేసింది. సాయంత్రం మేడం నన్ను పిలిచారు.

"రాఘవయ్యగారూ, మూడు నెలలైంది. కారణమేంటో ఒక్క లైన్‌లో రాసివ్వండి. ప్రిన్సిపాల్‌గారు అడుగుతున్నారు."

'కారణం ఇంకా తెలియలేదు' అని రాయాలి. అదీ ఒక్క వాక్యమే. ఆ కాగితం మీద నా చేయి మాత్రం ఇంగ్లీషులో ఇలా అర్థమొచ్చేలా రాసింది: అటెండరు సుభాని అజాగ్రత్తగా మోయడం వల్ల లోపలి భాగాలు దెబ్బతింటున్నాయి.

చేయి రాసిందని ఎందుకంటున్నాను? నేనే రాశాను. ముందో మాట, వెనకో మాట చేర్చలేదు. నా అనుమానం మాత్రమేనని కూడా రాయలేదు.

జూన్‌లో జాబితా వచ్చింది. ముగ్గురిలో సుభాని లేడు. ప్రిన్సిపాల్ గది ముందు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడట. వారం తర్వాత పని మానేశాడు. మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసే చోట చేరాడని ఎవరో చెప్పారు. అతను ఉన్నన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు. దాన్ని నేను తప్పు ఒప్పుకోవడం కిందే లెక్క కట్టుకున్నాను.

గోడకు అవతల

ఆ వానాకాలం కంప్యూటర్ ల్యాబ్ గోడ చెమ్మెక్కింది. అక్కడి పెద్ద వోల్టేజి స్టెబిలైజర్‌ను, ఎత్తులో బీరువాకు సగం ఉంటుంది, తీసుకొచ్చి నా గది బయట వసారాలో, నా బల్ల ఉన్న గోడకు ఆనించి పెట్టారు. ఊగే స్కోపు నా బల్ల మీదే ఉంది. దాన్ని మూడు వారాలుగా ఎవరూ కదపలేదు.

ఏదో పని మీద స్విచ్ వేశాను. గీత ఊగింది.

మొదట భయమేసింది, దెయ్యాన్ని చూసినట్టు. బయటికి వెళ్ళి స్టెబిలైజర్ కట్టేశాను. అవతలి నుంచి "సార్! కరెంట్ పోయింది!" అని ఇరవైమంది పిల్లల కేకలు. కంప్యూటర్ మాష్టారు పరుగెత్తుకొచ్చి, "మీకేమన్నా పిచ్చా రాఘవయ్యగారూ, వాళ్ళ ప్రోగ్రాములన్నీ పోయినయ్!" అని మీదపడ్డారు. నేను ఆయన వంక చూడలేదు. కిటికీలోంచి తెర వంక చూస్తున్నాను. గీత తిన్నగా ఉంది. స్టెబిలైజర్ వేశాను. ఊగింది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత చోట కూడా అది ల్యాబ్ బల్లకు సరిగ్గా గోడ అవతలే ఉండేది. కంప్యూటర్ క్లాసులున్నప్పుడే దాన్ని వేసేవారు. పొద్దున ఊగనిది మధ్యాహ్నం ఊగిందంటే అదీ సంగతి. స్టెబిలైజర్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత ప్రభావం గోడ దాటి వచ్చి ట్యూబులో గీతను పక్కకు లాగుతోంది.

మరి ఇంకో స్కోపు అదే చోట ఎందుకు ఊగలేదు? రెండింటి తొడుగులూ విప్పి తారుమారు చేశాను. ఊగడం తొడుగుతో పాటు వెళ్ళిపోయింది. ఊగేది ఊగడం మానేసింది, మంచిది ఊగసాగింది. బీరువాలోంచి స్కోపుల మాన్యువల్ జిరాక్స్ తీశాను. అందులో స్పష్టంగా ఉంది. ఆ తొడుగు మామూలు రేకు కాదు, బయటి అయస్కాంత ప్రభావాన్ని లోపలికి రానివ్వని ప్రత్యేక లోహం. సుత్తితో కొట్టినా, సెగ తగిలినా ఆ గుణం పోతుంది, రూపం మాత్రం అలాగే ఉంటుంది.

స్కోపులో సగం తప్పు, చోటులో సగం తప్పు. రెండూ కలిసినప్పుడే జబ్బు బయటపడుతుంది. నేను విడివిడిగా చూసి రెండింటికీ తప్పు లేదన్నాను. పైగా ఆ స్కోపులో సగం తప్పు, బాజీ పక్కన నిలబడి ఆనందిస్తూ నేను చేయించిందే. బాజీనేమీ అనడానికి లేదు. అతను డబ్బా సొట్ట తీయమంటే తీశాడు.

చెప్పకుండా గడిపిన నెలలు

ఇక్కడ దాచకూడదు. తెలిసిన మర్నాడే నేను మేడం దగ్గరికి వెళ్ళలేదు. స్టెబిలైజర్‌ను దూరంగా జరిపించి, చెడ్డ తొడుగును మళ్ళీ దాని స్కోపుకే బిగించి, ఆ స్కోపును బీరువా మీదికి ఎక్కించాను. వానాకాలం గడిచింది, పత్తి తీతలయ్యాయి, మిరపకోతలు కూడా వచ్చాయి. రోజూ ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. చెబితే ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే నేనేమవుతున్నానో తెలియదు.

ఆ రోజుల్లో ఒంగోలు వెళుతుంటే బస్సు మార్టూరులో ఆగింది. కిటికీ కింద తలనుంచి కాళ్ళదాకా తెల్లటి రాతిపొడితో ఒకతను నిలబడ్డాడు. నవ్వితే పోల్చుకున్నాను. సుభాని.

"నమస్తే సార్. బాగున్నారా? ఆ స్కోపు ఎట్టా ఉంది సార్, బాగయ్యిందా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.

"బాగయింది," అన్నాను. బస్సు కదిలింది.

రెండు రోజులు నిద్ర లేదు. మూడోరోజు సెలవు పెట్టి మార్టూరు వెళ్ళాను.

పాలిష్ యూనిట్ ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని అంతా చెప్పాను. తొడుగు, బాజీ, స్టెబిలైజర్, నేను రాసిన వాక్యం. సుభాని టీ చల్లారిపోయేదాకా వింటూ కూర్చున్నాడు. చివర్లో అన్నాడు:

"కాయితం మీరే రాశారా? నేను మేడం అనుకున్నా సార్ ఇన్నాళ్ళూ."

"నేనే," అన్నాను.

"ఆ కవరు ప్రిన్సిపాల్ గారి గదికి పట్టుకెళ్ళింది నేనే, తెలుసా మీకు? మేడం ఇచ్చారు, తీసకపోయి ఇచ్చొచ్చినా. లోపలేముందో నాకేం తెలుసు."

ఆ సంగతి నాకు తెలియదు. క్షమించమన్నాను. అతను విసుక్కున్నాడు.

"ఈ టీకొట్టుకాడ నాకు చెప్తే ఏమొచ్చుద్ది సార్? నేను తగిలియ్యలేదని నాకు తెలియదా? తెలవనోళ్ళకి చెప్పండి. అక్కడ కాయితం మీద రాశారు గదా, ఇదీ కాయితం మీద రాయండి. తెలుగులో రాయండి. ఈసారి నేను చదివే తీసకపోతా."

అక్కడే రాశాను. సాంకేతిక లోపం, తొడుగు, అయస్కాంతం అన్నీ వివరంగా. అతను వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"ఇందులో నా పేరేది సార్? అందులో ఉందన్నారే."

రెండో కాగితం తీసుకున్నాను. ఈసారి మొదటి వాక్యంలోనే రాశాను: సుభాని స్కోపును ఎన్నడూ అజాగ్రత్తగా మోయలేదు, అతనిపై నేను రాసింది అబద్ధం.

"ఆఁ," అన్నాడు. మీ ఇంటామె ఇంకా తొడిమల పనికి వెళుతోందా అని అడిగాను. "పోకపోతే ఎట్టా సార్?" అని లేచాడు.

నేనే మోశాను

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చాడు. కాగితం తనే మేడం చేతికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివారు. నా వంక చూశారు. తర్వాత అతనితో, "సుభానీ, నాకు చాలా బాధగా ఉందయ్యా. కానీ ఆ పోస్టులు నిండిపోయినయి," అన్నారు.

"తెలుసు మేడం. పోస్టు కోసం రాలేదు. ఆ స్కోపు ఊగేది ఒకసారి మీరు చూడాల."

"కాగితంలో ఉంది కదా."

"కాయితంలో మొన్న వేరే రకంగా కూడా ఉంది గదా మేడం."

ఆవిడ లేచారు. బీరువా మీది స్కోపు దింపాను. నా గది నుంచి ల్యాబ్ దాకా పొడుగాటి వసారా. చాలా బరువు. అన్ని నెలల్లో నేను దాన్ని ల్యాబ్ దాకా మోసింది అదే మొదటిసారి. రెండుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నాను, ఒకచోట నిజంగానే గుమ్మానికి తగిలించాను. సుభాని చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకే నడిచాడు. సాయం పట్టలేదు. నేను అడగలేదు.

బల్ల మీద పెట్టి స్విచ్ వేశాను. గీత తిన్నగా ఉంది. స్టెబిలైజర్‌ను నలుగురు పిల్లల చేత బల్ల పక్కకు నెట్టించి ఆన్ చేయించాను. గీత మెల్లగా వంగి, పైకీ కిందికీ కదలసాగింది. ల్యాబ్‌లో ఉన్న పిల్లలు, ఇద్దరు లెక్చరర్లు, మేడం అందరూ చూస్తున్నారు.

సుభాని చేతులు ముందుకు తెచ్చి, రెండు అరచేతులూ అందరికీ కనిపించేలా తెరిచాడు.

"నేను ముట్టుకోలేదు గదా మేడం?"

"లేదు సుభానీ," అన్నారావిడ.

"మీరంతా చూశారు గదా?" అని పిల్లల్ని అడిగాడు. ఏం జరుగుతోందో వాళ్ళకు తెలియదు. చూశామని తలలూపారు.

"ఇక కట్టెయ్యండి సార్," అని నాతో అన్నాడు. మధ్యాహ్నం షిఫ్టుకు అందాలని బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.